ఏకాంతవాసము – ఒంటరితనము

సంఘమును విడిచి యేకాంతమున జీవించువారిని గూర్చి మన పెద్దలు రెండు విధములుగ మాటలాడుచుందురు. ఆ మనుష్యుడు కాషాయము కట్టి కొండ యెక్కినవాడైనచో "మహానుభావుడు" అని చేతులు జోడింతురు. ఆ మనుష్యుడే మన వీథిలో, మన ప్రక్కయింటిలో, ఎవ్వరితోను పలుకక తలుపు వేసికొని కూర్చుండినచో "పొగరుబోతు" అనియో, "మతి చెడినవాడు" అనియో తేల్చివేయుదురు. ఇక తరగతిలో ఒక బాలిక ఆటలకు పోక, కబుర్లు చెప్పక, చెట్టు క్రింద కూర్చుండి ఆకాశము వంక చూచుచుండెనా, ఆమెకు "ముంగి" అను బిరుదము సిద్ధముగ నుండును. ఉపాధ్యాయులు సైతము "ఈ పిల్ల యెవరితోను కలియదు" అని తల్లిదండ్రుల యెదుట నొక నేరమువలె చెప్పుదురు.

చేయుపని యొక్కటే, తీర్పులు మాత్రము వేరు. ఈ భేదము వేషమును బట్టి వచ్చుచున్నది గాని విషయమును బట్టి వచ్చుట లేదని నా యభిప్రాయము. ఏకాంతము మంచిదా చెడ్డదా యని తర్కించుటకంటె ముందు అడుగవలసిన ప్రశ్న మఱియొకటి గలదు. ఆ గదికి గడియ లోపల నున్నదా, వెలుపల నున్నదా? తానుగా తలుపు వేసికొనినవాడు తనకు వలసినప్పుడు తీసికొని బయటికి రాగలడు. వెలుపలనుండి గడియ వేయబడినవాని గతి యది కాదు. మొదటిది యేకాంతము, రెండవది ఒంటరితనము. చూచువారికి రెండును ఒక్కతీరుననే కనబడును. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఇందుకు నిదర్శనముగ దూరదేశముల కథలు చెప్పనక్కరలేదు. మన తిరుత్తణి దాటి కొండ యెక్కినచో తిరుమలయే యున్నది. నేను ఉపాధ్యాయ శిక్షణకై ఆంధ్రదేశమున నున్న కాలములో తరిగొండ వెంగమాంబ బృందావనమును చూచితిని. అది తిరుమలపై నొక పాఠశాల ఆవరణలో నున్నది. జీవితమున నెక్కువ భాగము మౌనమును కోరుకొనిన యామె విశ్రమించినచోట నేడు పిల్లల కేకలు వినబడుచున్నవి. అది యామెకు కష్టముగ నుండునని నాకు తోచలేదు. ఎందుకో ముందు చెప్పుదును.

వెంగమాంబ 1730లో, నాటి వాయల్పాడు సమీపమున గల తరిగొండ గ్రామమున జన్మించెను. తండ్రి కృష్ణయ్య. బాల్యముననే వివాహము, బాల్యముననే వైధవ్యము. ఆ కాలమున బాలవితంతువున కేమి జరిగెడిదో నేటి విద్యార్థినులకు తెలియదు. తెలియకుండుటయే మేలుగాని, ఇచ్చట చెప్పక తప్పదు. తల వెండ్రుకలు తీసివేయుదురు. గాజులు పగులగొట్టుదురు. కుంకుమ చెరిపివేయుదురు. శుభకార్యమున కెదురు రాగూడదందురు. వెనుకింటిలో నొక మూల ఆమెకు స్థానము. పదిమంది మసలు ఇంటిలోనే, పదిమందికి వంట చేయుచునే, ఆమె సంఘమునుండి వెలివేయబడి జీవింపవలసినది. అనగా ఆనాటి సంఘము ఒక బాలికను గదిలో నుంచి వెలుపల గడియ పెట్టినది. దానికి ఆచారమని పేరు.

వెంగమాంబ ఆ గదిలోనికి పోలేదు. తల వెండ్రుకలు తీయించుకొననని, కుంకుమ చెరుపుకొననని పట్టుపట్టెను. తనకు భర్త వేంకటేశ్వరుడేయని చెప్పెను. మదనపల్లెలో నుండిన రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రి గారిని గురువుగా నాశ్రయించి యోగమార్గము నభ్యసించెను. తరిగొండ నృసింహాలయములో ఆంజనేయస్వామి విగ్రహము వెనుక గూర్చుండి ధ్యానము చేయుచుండగా అర్చకుడు చూచి వెడలగొట్టెనని ఐతిహ్యము కలదు. ఆ కథలోని ప్రతి యంశమును చరిత్రయని నేను వాదింపను. అయితే దానిలో నొక సత్యము గలదు. ఆ బాలికకు తన యింటిలో ఒక మూల యున్నది. అది యామె కోరినది కాదు. ఆమె కోరిన మూల విగ్రహము వెనుక నుండినది. దానిని ఆమెకు ఇయ్యలేదు. ఒంటరిగా పడియుండుమని శాసించిన లోకమే, ఏకాంతముగా కూర్చుందునన్నంతనే కోపించినది!

తరువాత ఆమె తిరుమల చేరెను. అచ్చటను ఇరుగుపొరుగువారి యుపద్రవము తప్పలేదని చెప్పుదురు. కొన్నేండ్లు తుంబురుకోనలో తపస్సు చేసెను. తుంబురు తీర్థము మీలో కొందఱు మీ యింటి పెద్దలతో ఫాల్గుణ పూర్ణిమ ముక్కోటికి పోయి చూచియుందురు. పాపవినాశనము దాటి, బండలమీదుగ, సెలయేటి వెంబడి నడువవలయును. ఆ ఒక్క పర్వమునకు వేలకొలది జనము పోవుదురుగాని, తక్కిన దినములలో నది మనుష్య సంచారము లేని యడవియే. రెండువందల యేండ్లకు పూర్వము ఒక స్త్రీ యొంటరిగా నచ్చట కాలము గడిపెననగా అది యెట్టి ధైర్యమో యోచింపుడు.

కాని నేను మెచ్చునది ఆ ధైర్యముకంటె ఆమె తిరిగివచ్చుటను. వెంగమాంబ కోనలోనే యుండిపోలేదు. తిరుమలకు మరలివచ్చి వేంకటాచల మాహాత్మ్యము, ద్విపదలో రాజయోగామృతసారము, వాసిష్ఠ రామాయణము మున్నగు గ్రంథములు రచించెను. యాత్రికులకు అన్నమును, దాహమును ఏర్పాటు చేయించెనని ప్రసిద్ధి. 1817లో దేహము చాలించువఱకు ఆమె బ్రతుకు జనుల మధ్యనే గడచెను. నేడు తిరుమలలో వేలాది యాత్రికులు ప్రతిదినము పంక్తిలో కూర్చుండి భుజించు అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టియున్నారు. అది 2011లో ప్రారంభమయినది. కొండమీద నంతకుమించి సందడిగల చోటు మఱియొకటి యుండునో లేదో! కోనకు పోయిన యామె పేరు అక్కడ చేరుట వింతయే. కాని అసంగతము కాదు.

మఱియొక విశేషము గలదు. తిరుమల శ్రీవారి ఆలయములో రాత్రి జరుగు కడపటి సేవకు ఏకాంతసేవయని పేరు. అందు తాళ్లపాకవారి లాలియు, తరిగొండ వెంగమాంబ ముత్యాల హారతియు నేటికిని జరుగుచున్నవి. తెల్లవారుజామునుండి అర్ధరాత్రి వఱకు అలలు అలలుగ వచ్చు జనమునకు దర్శనమిచ్చిన దేవునికిని, దినము ముగియునపుడు తలుపులు మూసికొనుటకు ఒక గడియ కాలము కావలసివచ్చినది. మన పూర్వులు దానిని లోపముగ నెంచలేదు. సుప్రభాతము వలెనే అదియు ఒక సేవయని యేర్పరచిరి. దేవునికి తగినది మనుష్యునికేల తగదు? పదునాలుగేండ్ల బాలికకేల తగదు?

ఇక మనమున్న తమిళదేశమున జరిగిన కథ యొకటి.

వేంకటరామన్ అను పదునారేండ్ల బాలుడు మధురలోని యిల్లు విడిచి 1896 సెప్టెంబరు 1న తిరువణ్ణామల చేరెను. ఆలయములోని పాతాళలింగమను నేలమాళిగలో కూర్చుండి బాహ్యస్మృతి లేక యుండగా, ఆకతాయి పిల్లలు రాళ్లు విసరిరట. (పిల్లలు ఎక్కడనైనను పిల్లలే, మౌనముగ కూర్చున్నవానిపై ఏదోయొకటి విసరవలెనని వారికి తోచును. ఈ పాఠశాలలో అది సుద్దముక్క మాత్రమే యగుట మన యదృష్టము.) తరువాత ఆయన కొండయెక్కి 1899 మొదలు 1916 వఱకు విరూపాక్ష గుహలోను, 1922 వఱకు స్కందాశ్రమమునందును నుండెను. బొబ్బిలి ప్రాంతపు కలవరాయి గ్రామమున పుట్టిన మన తెలుగువాడు, కావ్యకంఠ బిరుదాంకితుడు, అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి 1907 నవంబరు 18న ఆ గుహ కేగి తన సంశయములు విన్నవించి ఉపదేశము పొందెను. భగవాన్ రమణ మహర్షి యను పేరు ఆయన పెట్టినదే. తమిళుడు గుహలో మౌనముగ నుండగా తెలుగువాడు వచ్చి పేరు పెట్టెననుట, సరిహద్దున నివసించు మనకు కొంత సంతోషమును గలిగించు విషయము.

అయితే ఈ కథలో నాకొక ముల్లు గ్రుచ్చుకొనుచునే యుండును. పదునారేండ్ల కుమారుడు చెప్పక పోయినపుడు తల్లి యేమయ్యెను? అళగమ్మ రెండేండ్లకు పైగా వెదకికొని, 1898లో కుమారుని చూచి, ఇంటికి రమ్మని దినదినము ఏడ్చి బ్రతిమాలెను. ఆయన పలుకలేదు. చివరకు కాగితముపై సమాధానము వ్రాసి యిచ్చెను. ఆమె తిరిగిపోయెను. మహర్షి గొప్పతనమును నేను శంకించుట లేదు. కాని పిల్లలు గల తండ్రిగా ఈ ఘట్టమును నేను తేలికగా దాటిపోజాలను. ఒకని యేకాంతమునకు మఱియొకరు మూల్యము చెల్లించుట కలదు. దానిని మఱుగుపరచి యేకాంతమును స్తుతించుట సత్యము కాదు. తరువాత 1916లో ఆ తల్లియే కొండకు వచ్చి కుమారునితో నివసించెను. అందఱికి వంట చేసిపెట్టెను. 1922లో ఆయన చేతులలో కన్ను మూసెను. ఆమె సమాధికొఱకే ఆయన కొండ దిగెను. ఆ సమాధి చుట్టునే నేటి రమణాశ్రమము పెరిగినది. గుహనుండి ఆయనను క్రిందికి తెచ్చినది ఒక తల్లి. ఇది చదివి ఎవ్వరును తిరువణ్ణామల బస్సు ఎక్కరాదని నా మనవి. ఎక్కినను ఇంటిలో చెప్పి యెక్కుడు.

కొండ దిగిన తరువాత ఆయన జీవనవిధానమును గమనింపుడు. తెల్లవారుజామున వంటయింటిలో కూరలు తరిగెడివాడు. పంక్తిలో అందఱితో కూర్చుండి, అందఱికి వడ్డించినదే భుజించెడివాడు. తెలుగు కూడ నేర్చి, ఉపదేశసారమును తెలుగులోను రచించెను. మధ్యాహ్నము కొంతసేపు ఆయనకు విశ్రాంతి యుండవలెనని ఆశ్రమమువారు సందర్శకులను లోనికి రానీయక ఆపినపుడు, ఆయన తానే లేచి వెలుపలికి వచ్చి కూర్చుండెనని చెప్పుదురు. గడియ తన చేతిలో నుండినవాడు చేయు పని యది.

ఆ యాశ్రమమునకు 1941లో ఒక తెలుగు స్త్రీ వచ్చెను. పేరు సూరి నాగమ్మ. గుంటూరు సీమలోని కొలనుకొండ యామె పుట్టిన యూరు. తల్లిదండ్రులను చిన్ననాడే కోల్పోయెను. పదునొకండేండ్ల వయసు దాటకమునుపే పెండ్లి, ఆ వెంటనే వైధవ్యము. బడికి పోయి చదివినది లేదు. వెంగమాంబకు ఇంచుమించు నూటడెబ్బది యేండ్ల తరువాత పుట్టినను, ఆమెకు లోకము చూపినది ఆ వెనుకింటి గదినే! రైళ్లు వచ్చినవి, అచ్చుయంత్రములు వచ్చినవి, కాంగ్రెసు వచ్చినది. ఆ గది మాత్రము చెక్కుచెదరక యుండినది. సంస్కర్తలు ఎంత చెప్పినను కొన్ని యిండ్లలో గడియ తుప్పు పట్టుటకు శతాబ్దములు పట్టినవి.

నాగమ్మ ఆ గదిలో కూర్చుండియే తెలుగు గ్రంథములు చదువుకొనెను, పద్యములు అల్లెను. మహర్షిని చూచిన తరువాత అచ్చటనే యుండిపోయెను. రాత్రివేళ స్త్రీలు ఆశ్రమములో నుండుటకు వీలులేనందున, వెలుపల నొక యింటిలో కాపురముండి, దినమును ఆశ్రమమున గడపెడిది. 1945 నవంబరు మొదలు తన సోదరునకు ఉత్తరములు వ్రాయ మొదలిడెను. ఆ దినము ఎవరు వచ్చిరి, ఏమడిగిరి, మహర్షి యేమనెను, ఆవు యేమి చేసెను, కోతి యేమి యెత్తుకొనిపోయెను – ఇవియే విషయములు. ఇట్టివి 1950 వఱకు రెండువందలకు పైగా వ్రాసెను. అవియే "శ్రీ రమణాశ్రమ లేఖలు". తరువాత ఆంగ్లాదులలోనికి అనువదింపబడి, మహర్షి దినచర్య తెలిసికొనగోరువారికి ముఖ్యాధారములయినవి.

తమిళ నగరమున, ఒంటరిగా, తెలుగులో వ్రాసిన ఉత్తరములు అవి. చుట్టును వినబడు భాష ఒకటి, కాగితముపై పడు భాష మఱియొకటి. ఆమె ఏకాంతము ఆమె భాషను ఎండగొట్టలేదు, కాపాడినది. మీకు, నాకు ఈ విషయము ఇతరులకంటె నెక్కువగ అర్థము కాగలదు. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రమున చేరిన నాటినుండి, అంతకుముందునుండియే ఇటువైపు నుండిన మన వంటి గ్రామములవారితో గూడ, ఇంటిలో నొక భాష, అంగడిలో నొక భాషగ జీవించుచున్నారము. భాషకును ఒక గది కావలయును. మన పాఠశాల అట్టి గదియే. కాని ఆ గదిలో కూర్చుండి, "తమిళము మాకేల?" అని తలుపు బిగించుకొనుట మాత్రము నాకు సమ్మతము కాదు. మహర్షి తెలుగు నేర్చెను. నాగమ్మ తమిళుల మధ్య నిర్భయముగ జీవించెను. గది యుండవలయును, గడియ లోపల నుండవలయును, దినమునకు పలుమాఱులు తలుపు తెఱువవలయును. తెలుగు గదికి వెలుపలనుండి ఎవరైన గడియ పెట్టజూచినపుడు మాత్రము ఊరకుండరాదు. అది వేఱు సంగతి. దానిని గూర్చి మఱియొకసారి.

అదే తిరువణ్ణామలకు 1950లో మఱియొక తెలుగువాడు కుటుంబముతో వచ్చి, 1979లో మరణించువఱకు అచ్చటనే యుండెను. ఆయన గుడిపాటి వెంకటచలము. ఆయన రచనలన్నియు పాఠశాల విద్యార్థులు చదువదగినవని నేను చెప్పను. పెద్దవారైన తరువాత చదివి మీరే నిర్ణయించుకొనుడు. స్త్రీల స్వేచ్ఛను గూర్చి ఆయన వ్రాసిన వ్రాతలకు కోపించి లోకము ఆయనను దూరముగ నుంచెను. ఆయనయు లోకమును దూరముగ నుంచెను. రెండువైపుల గడియపడిన తలుపు అది! అయినను ఆయనను చూచుటకు తెలుగుదేశమునుండి పాఠకులు వచ్చుచునే యుండిరి. ఆయన ఉత్తరములు వ్రాయుచునే యుండెను.

పాశ్చాత్య దేశములలో ఏకాంతవాసమునకు ప్రసిద్ధుడైన థోరో మహాశయుని సంగతియు ఇట్టిదే. అమెరికాలో కాంకర్డు గ్రామసమీపమున, వాల్డెన్ మడుగు గట్టున, 1845 జులై 4 మొదలు 1847 సెప్టెంబరు వఱకు ఒక చిన్న గుడిసెలో నొంటరిగ నుండెను. ఆ స్థలము ఆయన మిత్రుడు ఎమర్సనుది. గ్రామము నడకదూరమే. ఆయన తరచుగ ఊరిలోనికి పోయి వార్తలు వినెడివాడు. ఇంటికి పోయి భోజనమును చేసెడివాడు. దీనిని పట్టుకొని కొందఱు ఆయనను హేళన చేయుదురు. నా దృష్టిలో అది హేళనకు తగినది కాదు. చిక్కుడు పండించి, పుస్తకము వ్రాసి, రెండేండ్లకు తిరిగివచ్చుటలోనే ఆ ప్రయోగము సఫలమయినది.

తామరైపాక్కము పిల్లలకు ఈ విషయము మన యూరి ఆనకట్టను చూపి చెప్పవచ్చును. కుశస్థలి నదికి అడ్డముగ కట్టిన కట్ట నీటిని నిర్బంధించుటకు కట్టినది కాదు. పూండి దిగువను వచ్చు నీటిని నిలిపి షోళవరము చెఱువువైపు మరలించుటకు కట్టినది. ఆ నీరు అటునుండి మదరాసు నగరపు దాహము తీర్చుటకు పోవును. కట్ట లేనిచో నీరంతయు సముద్రము పాలగును. కట్టయుండి కాలువ లేనిచో నిలిచినచోటనే పాచిపట్టును.

ఇంతవఱకు లోపలి గడియ సంగతి. ఇక వెలుపలి గడియను గూర్చి చెప్పకున్న ఈ వ్యాసము అర్ధసత్యమగును.

మన గ్రామములలో పగటిపూట నడచి చూడుడు. పిల్లలు చెన్నపట్టణములోనో, బెంగుళూరులోనో, అంతకుమించిన దూరములోనో ఉద్యోగములలో నున్నారు. అరుగుమీద ఒక ముసలమ్మ కూర్చుండియుండును. ఆమె ఏకాంతమును కోరలేదు. పలుకరించిన చాలు, పాత కఱవు కథ మొదలుకొని మనుమరాలి పురుడు వఱకు చెప్పును. గుమ్మిడిపూండి, శ్రీపెరుంబుదూరు కర్మాగారములలో పనిచేయుటకు బీహారు, ఒడిశాలనుండి వచ్చిన యువకులు ఒక గదిలో పదిమంది పండుకొందురు. ఆ పదిమందిలో నుండియు వారిలో నొకడు తన గ్రామపు యాసలో ఒక మాట వినక నెలలు గడపుచుండవచ్చును. గుంపులో నున్నవాడు ఒంటరి కాడని యనుకొనుట పొరపాటు.

ఈ బాధ ఏయొక్క యూరిదియు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించిన నివేదికలో, లోకమున ఆఱుగురిలో ఒకరు ఒంటరితనముచే బాధపడుచున్నారనియు, దానితో సంబంధముగల మరణములు ఏడాదికి ఎనిమిది లక్షల డెబ్బదివేలకు పైగా నుండుననియు అంచనా వేసినారు. బ్రిటను దేశమున 2018లో ఈ విషయమునకు ఒక మంత్రినే నియమించిరి. జపానులో 2021లో నియమించిరి. ఆ జపానులోనే నెలలు, సంవత్సరముల తరబడి ఇల్లు కదలక, ఎవ్వరిని చూడక గదిలో నుండిపోవువారు కలరు. వారిని "హికికోమొరి" యందురు. 15 మొదలు 64 ఏండ్ల వయసులో నట్టివారు సుమారు 14 లక్షల 60 వేలమంది యుందురని 2023లో అచ్చటి ప్రభుత్వము ప్రకటించెను. వారి గది గడియ లోపలనే యున్నట్లు కనబడును. కాని పరీక్షలో తప్పుట, ఉద్యోగము పోవుట, బడిలో తోటివారి వేధింపు మున్నగువానిచే వెలుపలి లోకమే భరింపరానిదై లోపలికి త్రోయబడినవారు వారిలో ననేకులు. కావున నా గడియ పరీక్షను పై చూపుతో చేయరాదు. తీయగలిగియు తీయలేని గడియ కూడ వెలుపలి గడియయే.

మఱి దీనిని గుర్తించుటెట్లు? ఉపాధ్యాయుడనుగాని వైద్యుడను కాను. తరగతి గదిలో నేను చూచునది యింతమాత్రము. ఏకాంతమును కోరి పోయిన పిల్లవాడు తిరిగి వచ్చునపుడు ఏదోయొకటి తెచ్చును: ఒక బొమ్మ, ఒక ప్రశ్న, ఒక పద్యము, ఒక్కొక్కప్పుడు చిరునవ్వు. ఒంటరితనమున పడినవాడు పోయినప్పటికంటె బరువుగా తిరిగి వచ్చును. అంతకుముందు తనకు ప్రియమైన పనినే మానివేయును, అన్నము సరిగా తినడు, నిద్రపోడు, బడికి రానని మొండికేయును. అట్టివానిని "సిగ్గరి" యని విడిచిపెట్టరాదు. "పొగరు" అని దండింపనురాదు. ప్రక్కన కూర్చుండవలయును. మనవలన కానిచో 2022లో ప్రభుత్వము ఏర్పరచిన టెలి మానస్ అను సహాయ కేంద్రమున్నది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తమిళములోను, తెలుగులోను మాటలాడువారు దొరకుదురు.

సెల్‌ఫోను ప్రస్తావన వచ్చినది కనుక ఒక్కమాట. ఫోను చేతనుంచుకొని మూల కూర్చున్నవానిని ఏకాంతములో నున్నాడని నేను ఒప్పుకొనను. వాడు సంతలో నున్నాడు. ఆ సంతలో వేయిమంది కేకలు వేయుచుందురు. ఒక్కరును వానిని పేరుపెట్టి పిలువరు. ఏకాంతము లేదు, సహవాసమును లేదు. రెండిటిలోని నష్టములు మాత్రము కలవు. అయినను పిల్లలను మాత్రమే నిందించుట నాకిష్టము లేదు. రెండు గదుల యింటిలో ఏడుగురు నివసించుచు, సాయంకాలమునుండి పడుకొనువఱకు టెలివిజను మ్రోగుచుండగా, ఒక పిల్ల తనదని చెప్పుకొనుటకు చారెడు చోటైన లేదు. మగపిల్లవాడు ఏటి గట్టుకు పోయి కూర్చుండవచ్చును. ఆడపిల్ల పోయినచో "ఎవరికొఱకు?" అని అడుగుదురు. ఆమె యేకాంతముకొఱకు ముఖము దాచుకొనగల చోటు ఆ చిన్న గాజుపలక యొక్కటే. వెంగమాంబ నాటి వెనుకింటి గది పోయినందుకు సంతోషింపవలసినదే. కాని దాని స్థానమున ఆమె కోరిన మూలను మనమింకను ఇయ్యలేదు.

కావున ఈ పత్రికాముఖమున నేను ఒక ప్రతిపాదన చేయుచున్నాను. మధ్యాహ్న భోజనానంతరము గంట కొట్టువఱకు మన గ్రంథాలయపు గదిని ఇరువది నిమిషములు మౌనమందిరముగ ఉంచవలయును. ఇష్టమున్నవారు రావచ్చును, ఎవ్వరిని పంపరాదు. హాజరుపట్టీ యుండదు. "లోపల నేమి చేయుచున్నావు?" అని అడుగుట యుండదు. ఆడపిల్లలకు వేరుగ ఒక వరుస ఉంచినచో తల్లిదండ్రుల సందేహములును తీరును.

సిబ్బంది గదిలో ఈ మాట చెప్పినపుడు "ఊరక కూర్చుండుటకు పాఠశాల యేల?" అని ఒక మిత్రుడు నవ్వెను. ఊరక కూర్చుండుటకు ఇంటిలో చోటు లేని పిల్లలకు మఱి పాఠశాలయే యేల కాగూడదని నా ప్రశ్న. పర్యవేక్షణ యెట్లని మఱియొకరు అడిగిరి. ఒక ఉపాధ్యాయుడు ద్వారము కడ కూర్చుండి తన పత్రములు దిద్దుకొనుచుండవచ్చును. పత్రములు దిద్దు ఉపాధ్యాయునికంటె మౌనముగ నుండు ప్రాణి లోకమున లేదు. దినదినము వచ్చి, దినదినము బరువుగా పోవు పిల్ల యెవరో కూడ అచ్చట కూర్చున్నవానికి తెలియును. తరగతిలో నలువదిమంది నడుమ అది తెలియదు.

ఆ గదికి గడియ పెట్టనక్కరలేదు. తలుపు చేరవేసి యుంచిన చాలును. లోపల పదునైదుగురికి మించి పట్టరు కనుక, ఎక్కువమంది వచ్చిన దినమున వేపచెట్టు క్రింది అరుగును కూడ చేర్చుకొందము. పుస్తకము చదువవచ్చును, చదువకపోవచ్చును. కిటికీ ప్రక్క బల్ల మాత్రము ముందుగ వచ్చినవారిది.